రద్దీ ఛార్జీకి ప్రభుత్వ నిధులు: ఇంగ్లండ్ కౌన్సిల్‌లో పనిచేసేవారు ఎక్కడ మొదలుపెట్టాలి

మీరు ఇంగ్లండ్‌లో ఒక కౌన్సిల్ రవాణా విభాగంలో పనిచేస్తున్నారనుకుందాం. లేదా ఈమధ్యే కౌన్సిలర్‌గా గెలిచారు. పొద్దున ఎనిమిదింటికి ఊరి నడిబొడ్డున బస్సు, పక్కన నడిచే మనిషి కంటే మెల్లగా కదులుతోంది. మీటింగులో ఎవరో "మనమూ రద్దీ ఛార్జీ పెడితే ఎలా ఉంటుంది?" అన్నారు. అందరూ మీ వైపు చూశారు. ఇప్పుడు ఈ ఫైలు మీది.

రద్దీ ఛార్జీ అంటే రద్దీ ఉన్న రోడ్ల మీదికి వచ్చే వాహనాల నుంచి వసూలు చేసే రుసుము. దానికి డబ్బు ఎవరిస్తారు, ఎలా అడగాలి, ఏ పని ముందు చేయాలి అన్నది ఇక్కడ చెబుతాను. లండన్‌కు వేరే చట్టం, వేరే యంత్రాంగం ఉన్నాయి కాబట్టి నేను మాట్లాడేది లండన్ బయటి ఊళ్ల గురించి. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను: ప్రభుత్వాన్ని అడిగే మొదటి పౌండు బస్సుల కోసం అడగండి. కెమెరాల లెక్క తర్వాత చూడొచ్చు. ఈ వరుస తప్పిన ఊళ్లలో ఏం జరిగిందో చూశాకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

పాత నిధి కథ తెలుసుకోండి

ఫైలు తెరిచే ముందు ఒక సాయంత్రం దీనికి కేటాయించండి. 2004 జులైలో ప్రభుత్వం రవాణా శ్వేతపత్రంలో ట్రాన్స్‌పోర్ట్ ఇన్నోవేషన్ ఫండ్ అనే నిధిని ప్రకటించింది. అందరూ టిఫ్ అనేవారు. రద్దీ తగ్గించే స్థానిక పథకాలకు ఇందులోంచి ఏటా 20 కోట్ల పౌండ్ల దాకా ఇస్తామన్నారు. అధ్యయనాలకూ మోడలింగ్‌కూ మూడేళ్ల మీద మరో 1.8 కోట్ల పౌండ్లు విడిగా పెట్టారు. 2005 నవంబర్‌లో తొలి విడతగా గ్రేటర్ మాంచెస్టర్, వెస్ట్ మిడ్‌లాండ్స్, బ్రిస్టల్ ప్రాంతం, టైన్ అండ్ వేర్, కేంబ్రిడ్జ్‌షైర్, డరమ్, ష్రాప్‌షైర్‌లకు ఆ అధ్యయనాల డబ్బు వచ్చింది.

షరతు ఒకటే. ట్రామ్‌కో బస్సుకో పెద్ద మొత్తం కావాలంటే, రోడ్డు ఛార్జీ లాంటి గట్టి చర్య కూడా ప్యాకేజీలో ఉండాలి.

మాంచెస్టర్ అందరికంటే ముందుకెళ్లింది. ప్రభుత్వం నుంచి 150 కోట్ల పౌండ్ల గ్రాంటు, దానికి తోడు దాదాపు 120 కోట్ల అప్పు. ఆ అప్పును ఛార్జీల ఆదాయంతో తీర్చాలి. ఎం60 రింగురోడ్డు దగ్గర ఒక గీత, అంటే దాటితే ఛార్జీ పడే హద్దు, నగర కేంద్రం చుట్టూ ఇంకో గీత. రద్దీ వేళల్లో మాత్రమే ఛార్జీ, రోజుకు ఎక్కువలో ఎక్కువ 5 పౌండ్లు. ప్రజా రవాణా పనుల్లో 80 శాతం పూర్తయ్యాకే, అంటే 2013లో, వసూలు మొదలవుతుందని మాట కూడా ఇచ్చారు. 2008 డిసెంబర్‌లో ఓటింగు పెడితే దాదాపు 79 శాతం మంది వద్దన్నారు. పది జిల్లాల్లో ఒక్కటి కూడా ఔననలేదు.

టిఫ్ డబ్బుతో దేశంలో ఒక్క ఛార్జీ పథకం కూడా రోడ్డు మీదికి రాలేదు. 2010లో ఆ నిధి ముగిసింది. ఈ రోజు ఆ తరహాలో రోడ్డు ఛార్జీ కోసమే పెట్టిన ప్రత్యేక నిధి లేదు. ఉన్న నిధుల్లోంచి మీరే ముక్కలు కూర్చుకోవాలి. ఇది కష్టమే. కానీ "ఛార్జీ పెడితేనే డబ్బు" అనే షరతు మీ మెడకు లేదు, అది మీకు మేలు. మాంచెస్టర్ జనంలో చాలామందికి ఆ షరతు బెదిరింపులా వినిపించింది.

సమస్యను ఒక్క పేజీలో రాయండి

"ఊళ్లో ట్రాఫిక్ ఎక్కువ" అని రాస్తే నిధి రాదు. ఏ రోడ్డు, ఏ గంటలు, ఎవరి వాహనాలు, వాళ్లు ఎక్కడి నుంచి వస్తున్నారు, అదే సమయంలో బస్సు ఎంత ఆలస్యమవుతోంది అన్నవి అంకెలతో రాయండి. ఈ పేజీయే మీకు ఏ పనిముట్టు కావాలో చెబుతుంది.

డరమ్‌ను చూడండి. కథీడ్రల్ వైపు వెళ్లే ఇరుకు వీధి ఒకటి. మనుషులకే చోటు చాలని ఆ దారిలో రోజూ రెండు వేల వాహనాల దాకా తిరిగేవి. 2002 అక్టోబర్‌లో అక్కడ పగటిపూట 2 పౌండ్ల ఛార్జీ పెట్టారు. వాహనాలు దాదాపు 85 శాతం తగ్గాయి. ఒక్క వీధి, ఒక్క గేటు. లండన్‌లో రద్దీ ఛార్జీ మొదలైంది 2003 ఫిబ్రవరి 17న. అంటే ఆ చిన్న ఊరు లండన్ కంటే ముందు చేసి చూపించింది. మీ సమస్య ఒక వీధిదైతే నగరమంతా గీత గీయాల్సిన పని లేదు.

మీ రద్దీ ప్రధానంగా ఆఫీసులకు కార్లలో వచ్చేవారి వల్ల అయితే వర్క్‌ప్లేస్ పార్కింగ్ లెవీ గురించి ఆలోచించండి. ఇందులో రోడ్డు మీద కెమెరాలు అక్కర్లేదు. ఉద్యోగుల కార్లకు చోటిచ్చే సంస్థ ఒక్కో స్థలానికి ఏడాదికి ఇంత అని కడుతుంది. నాటింగ్‌హామ్ 2012 ఏప్రిల్‌లో దీన్ని మొదలుపెట్టింది. 11 లేదా అంతకంటే ఎక్కువ స్థలాలున్న సంస్థలకు మొదటి ఏడాది స్థలానికి 288 పౌండ్లు.

ఒక గందరగోళం ఇక్కడే తీర్చుకోండి. బాత్, బర్మింగ్‌హామ్, బ్రిస్టల్‌లలో ఉన్న క్లీన్ ఎయిర్ జోన్‌లు రద్దీ కోసం పెట్టినవి కావు. అవి పాత ఇంజన్ల పొగను ఆపడానికి. బర్మింగ్‌హామ్‌లో ప్రమాణాలు అందుకోని కారుకు రోజుకు 8 పౌండ్లు, కొత్త కారుకు ఏమీ లేదు. పథకం బాగా పనిచేసేకొద్దీ ఆదాయం పడిపోతుంది. అలా పడిపోవడమే దాని విజయం. కాబట్టి పాతికేళ్ల ట్రామ్ అప్పును దాని మీద నిలబెట్టలేరు.

అధికారం ఎవరిదో తేల్చుకోండి

ఛార్జీ పెట్టే అధికారం 2000 నాటి ట్రాన్స్‌పోర్ట్ యాక్ట్ మూడో భాగం నుంచి వస్తుంది. అది రోడ్లు, రవాణా చూసే కౌన్సిల్‌కు ఉంటుంది. కౌంటీ, జిల్లా అని రెండంచెలు ఉన్న చోట అది కౌంటీ. మీరు జిల్లా కౌన్సిల్‌లో ఉంటే మొదటి ఫోన్ కౌంటీకే చేయాలి. మేయర్ ఉన్న కంబైన్డ్ అథారిటీ (కొన్ని కౌన్సిళ్లు కలిసి ఏర్పడిన సంస్థ) ప్రాంతమైతే వాళ్లతో కలిసి నడవాలి, ఎందుకంటే పెద్ద డబ్బు వాళ్ల దగ్గరే ఉంది.

2008 నాటి లోకల్ ట్రాన్స్‌పోర్ట్ యాక్ట్ తర్వాత ఇంగ్లండ్‌లో స్థానిక రోడ్డు ఛార్జీకి రవాణా మంత్రి ఆమోదం అక్కర్లేదు. పార్కింగ్ లెవీకి మాత్రం ఇప్పటికీ కావాలి. రెండింటిలో ఏది ఎంచుకుంటారన్న దాన్ని బట్టి మీ కాలపట్టిక మారిపోతుంది.

చాలామంది మరిచిపోయే చిన్న విషయం ఒకటుంది. మీ పథకం స్థానిక రవాణా ప్రణాళికలోని విధానాలను నెరవేర్చేదిగా ఉండాలని చట్టం చెబుతోంది. ఆ ప్రణాళికలో రద్దీ తగ్గించడం గురించి, బస్సుల గురించి స్పష్టమైన వాక్యాలు లేకపోతే ముందు దాన్ని సవరించండి. తర్వాత ఎవరైనా కోర్టుకు వెళ్తే వాళ్ల లాయరు మొదట తిప్పేది ఆ పేజీలే.

రెండు సంచుల డబ్బు

ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుదాం. మంచి పథకాలు కూడా మూలన పడేది తరచుగా ఈ లెక్క దగ్గరే.

మొదటి సంచి తయారీ ఖర్చు: ట్రాఫిక్ మోడల్, సర్వేలు, న్యాయ సలహా, ప్రజాభిప్రాయ సేకరణ, మీ బృందం జీతాలు. రెండో సంచి అమలు ఖర్చు: బస్సులు, లేన్లు, పార్క్ అండ్ రైడ్ స్థలాలు (ఊరి అంచున కారు ఆపి బస్సెక్కే చోట్లు), కెమెరాలు, వసూలు వ్యవస్థ. టిఫ్‌లో ప్రభుత్వమే ఈ రెంటినీ విడదీసి ఇచ్చింది. ఇప్పుడు ఆ పని మీరే చేయాలి.

దీనికి అడ్డంగా ఇంకో గీత ఉంది. కౌన్సిల్ ఖాతాల్లో క్యాపిటల్ (ఆస్తులు కట్టడానికి, కొనడానికి పెట్టే డబ్బు) వేరు, రెవెన్యూ (రోజువారీ ఖర్చుల డబ్బు) వేరు. ప్రభుత్వం రవాణాకు ఇచ్చే దాంట్లో ఎక్కువ భాగం క్యాపిటల్. దానితో బస్ లేన్ వేయొచ్చు, బస్సు నడిపే డ్రైవర్ జీతం ఇవ్వలేరు. ఛార్జీ మొదలవ్వకముందే అదనపు బస్సులు తిరగాలంటే కావలసింది రెవెన్యూ డబ్బు. అది దొరకడమే కష్టం, అందుకే దాన్నే ముందు వెతకండి.

ఇంకో ప్రమాదం కూడా చెప్పాలి. తయారీ ఖర్చును క్యాపిటల్ కింద రాసుకున్నారనుకోండి, తర్వాత కౌన్సిల్ మనసు మార్చుకుని పథకం ఆపేసింది. ఆస్తి ఏదీ తయారు కాలేదు కాబట్టి ఆ ఖర్చంతా రెవెన్యూ మీదికి వచ్చి పడుతుంది. లైబ్రరీలు, వృద్ధుల సంరక్షణ నడిచేది అదే డబ్బుతో. ఒక కౌన్సిల్‌లో ఈ కారణంగానే మధ్యలో ఆపేయాల్సిన పథకాన్ని ఏడాదిపాటు ఎవరూ ఆపలేక సాగదీయడం నేను చూశాను. మీ ఫైనాన్స్ డైరెక్టర్‌ను, అంటే అందరూ సెక్షన్ 151 ఆఫీసర్ అని పిలిచే వ్యక్తిని, మొదటి నెలలోనే కూర్చోబెట్టి ఈ ప్రశ్న అడగండి: ఆగిపోతే ఎంత పడుతుంది, ఎవరి బడ్జెట్ మీద?

ఇక ఎక్కడ అడగాలి. మేయర్ ఉన్న పెద్ద నగర ప్రాంతాలకు 2025 జూన్‌లో ప్రభుత్వం 1,560 కోట్ల పౌండ్ల స్థానిక రవాణా పెట్టుబడి ప్రకటించింది. మీరు ఆ ప్రాంతాల్లో ఉంటే మీ బస్ లేన్లు, ట్రామ్ పనులు ఆ జాబితాలోకి ఎక్కేలా కంబైన్డ్ అథారిటీతో మాట్లాడండి. మిగతా చోట్ల లోకల్ ట్రాన్స్‌పోర్ట్ గ్రాంట్, బస్సుల మెరుగుదల ప్రణాళికల కింద వచ్చే డబ్బు మీకు దారి. బస్సుల డబ్బులో రెవెన్యూ వాటా కూడా ఉంటుంది కాబట్టి నా దృష్టిలో అన్నిటికంటే విలువైనది అదే. దరఖాస్తులో "రద్దీ ఛార్జీ తయారీ" అన్న శీర్షిక పెట్టాల్సిన అవసరం లేదు. బస్సు వేగం పెంచే పనిగా అడగండి, అది నిజం కూడా. కానీ మీ ప్రణాళికలో ఛార్జీ ఉందన్న సంగతి మాత్రం దాచొద్దు. దాచి తర్వాత బయటపడితే ప్రభుత్వమూ నమ్మదు, జనమూ నమ్మరు.

గాలి కాలుష్యం మీ ఊళ్లో చట్టపరమైన పరిమితి దాటి ఉంటే దారి వేరు. 2017 నాటి ప్రభుత్వ గాలి కాలుష్య ప్రణాళిక తర్వాత పర్యావరణ, రవాణా శాఖలు కలిసి నడిపిన జాయింట్ ఎయిర్ క్వాలిటీ యూనిట్ కౌన్సిళ్లకు అమలు నిధి ఒకటి, నష్టపోయేవారికి సాయం చేసే నిధి ఇంకొకటి ఇచ్చింది. ఆ రెండో నిధి ఆలోచన ఎంతో మంచిది. పాత వ్యాను మార్చుకోలేని చిన్న వ్యాపారికి డబ్బు అందించాకే ఛార్జీ మొదలుపెట్టడం. మీ పథకంలోనూ అలాంటి పద్దు ఒకటి పెట్టండి.

బిజినెస్ కేస్ రాయడం

రవాణా శాఖ మీ నుంచి ఆశించేది ట్రెజరీ, అంటే ఆర్థిక శాఖ, చెప్పిన ఐదు భాగాల కేస్: ఎందుకు కావాలి, ఖర్చుకు తగ్గ లాభం ఉందా, కాంట్రాక్టులు ఎలా ఇస్తారు, డబ్బు ఎక్కడిది, ఎవరు నడిపిస్తారు. ఇది మూడు దశల్లో చిక్కబడుతుంది: స్ట్రాటజిక్ అవుట్‌లైన్, అవుట్‌లైన్, ఫుల్. అంకెలన్నీ ట్యాగ్ అనే రవాణా శాఖ మార్గదర్శకాల ప్రకారం లెక్కించాలి. మామూలుగా లాభం ఖర్చుకు రెండింతలు దాటితే "హై" విలువ అంటారు.

రద్దీ ఛార్జీ విషయంలో రెండు చోట్ల కాలు జారుతుంది. మొదటిది, వసూలైన డబ్బును లాభంగా రాయడం. అది ఒక జేబులోంచి తీసి ఇంకో జేబులో వేసిన డబ్బు. కడుతున్నవారికి నష్టం, కౌన్సిల్‌కు ఆదాయం. అసలు లాభం మిగిలినవాళ్లందరికీ ఆదా అయ్యే సమయంలో, ముఖ్యంగా బస్సులో కూర్చున్న వారి సమయంలో ఉంది. రెండోది, ఆదాయం ఖర్చును మించినప్పుడు లాభం-ఖర్చు నిష్పత్తికి అర్థమే ఉండదు, కింద ఉన్న అంకె మైనస్‌లోకి పోతుంది. అప్పుడు నికర విలువ, అంటే లాభంలోంచి ఖర్చు తీసేయగా మిగిలేది, చూపించండి, ఎందుకో ఒక వాక్యంలో చెప్పండి.

ఆదాయం అంచనా తక్కువగా వేసుకోండి. ఛార్జీ పెట్టేదే కార్లు తగ్గడానికి. అవి తగ్గితే డబ్బూ తగ్గుతుంది. లండన్‌లో మొదట్లో జోన్‌లోకి వచ్చే వాహనాలు 18 శాతం, రద్దీ 30 శాతం తగ్గాయి. కెమెరాలు, కాల్ సెంటర్, జరిమానాల అప్పీళ్లు, వీటన్నిటి ఖర్చు ముందు తీసేయండి. మిగిలిన దాంట్లో మూడో వంతు రాకపోయినా పథకం నిలబడుతుందా అన్న లెక్క విడిగా వేయండి. నిలబడకపోతే దాని మీద అప్పు తేవద్దు.

సమానత్వ చట్టం ప్రకారం వికలాంగుల మీద, వృద్ధుల మీద, ఇంకా ఎవరెవరి మీద ఎంత ప్రభావమో పరిశీలించడం మీ బాధ్యత. దీన్ని చివర్లో జతచేసే కాగితంలా చూడకండి. గీత ఎక్కడ గీయాలో తేల్చడానికి ఇది పనికొస్తుంది. కేంబ్రిడ్జ్‌లో ప్రతిపాదించిన ఛార్జీ జోన్ లోపల పెద్ద ఆస్పత్రి ప్రాంగణం పడింది. చికిత్సకు వెళ్లే రోగి, రాత్రి డ్యూటీ ముగించుకుని వచ్చే నర్సు, వాళ్ల పేరు మీదే వాదనంతా నడిచింది. మీ ఊరి మ్యాపు మీద ఆస్పత్రులు, స్కూళ్లు, గుళ్లు, మసీదులు, చర్చిలు గుర్తుపెట్టుకున్నాకే పెన్సిల్ తీయండి.

జనాన్ని అడగడం

సంప్రదింపులకు కోర్టులు 1985 నుంచి వాడుతున్న నాలుగు సూత్రాలు ఉన్నాయి. నిర్ణయం ఇంకా తీసుకోకముందే అడగాలి, అర్థమయ్యేంత సమాచారం ఇవ్వాలి, తగినంత సమయం ఇవ్వాలి, వచ్చిన జవాబులను నిజంగా పట్టించుకోవాలి. గన్నింగ్ సూత్రాలంటారు. ఒక్కటి తప్పినా మొత్తం ప్రక్రియ మళ్లీ మొదటికి రావచ్చు, పెట్టిన డబ్బు పోవచ్చు.

కేంబ్రిడ్జ్ అనుభవం ఇక్కడా చూడాలి. అక్కడి ప్రతిపాదన వారంలో పని దినాల్లో రోజుకు కారుకు 5 పౌండ్లు, ఆ డబ్బుతో బస్సుల విస్తరణ. జవాబిచ్చినవారిలో దాదాపు 70 శాతం బస్సుల ప్రణాళిక బాగుందన్నారు, 58 శాతం ఛార్జీ జోన్ వద్దన్నారు. 2023 సెప్టెంబర్‌లో పథకం ఆగిపోయింది. ఈ అంకెలను జనం స్వార్థంగా చదవకండి. వాళ్లకు బస్సు కావాలి. కానీ ఆ బస్సు ఇంకా కాగితం మీదే ఉంది, ఛార్జీ మాత్రం ఖాయంగా కనిపిస్తోంది.

ఓటింగు పెట్టాలని ఎవరైనా అంటే, ఎప్పుడు అని అడగండి. ఎడిన్‌బరాలో 2005లో పథకం పెట్టకముందే అడిగారు, 74 శాతం వద్దన్నారు. స్టాక్‌హోమ్‌లో వరుస వేరు. 2005 ఆగస్టులో అదనపు బస్సులు వచ్చాయి. 2006 జనవరి నుంచి జులై వరకు ఛార్జీని ప్రయోగంగా నడిపారు, ట్రాఫిక్ ఐదో వంతు తగ్గింది. సెప్టెంబర్‌లో అడిగితే నగర ఓటర్లలో సగానికి కాస్త పైగా ఉంచమన్నారు. ఖాళీ రోడ్డును కళ్లతో చూసినవాళ్లు వేసిన ఓటు అది.

వరుస: బస్సు, తర్వాత బోర్డు, తర్వాత బిల్లు

కాలపట్టికను వెనక నుంచి రాయండి. ఛార్జీ మొదలయ్యే రోజు ఒకటి అనుకుని, దానికి కనీసం ఆరు నెలల ముందు కొత్త బస్సులు రోడ్డు మీద తిరుగుతుండాలి. బస్సులు కొనడానికి, డ్రైవర్లను తీసుకుని శిక్షణ ఇవ్వడానికి, డిపోలో ఛార్జింగ్ పాయింట్లు పెట్టడానికి పట్టే సమయం మీరు అనుకున్నదానికంటే ఎక్కువే. నంబర్ ప్లేటు చదివే కెమెరాలు, వాహనాల రిజిస్ట్రేషన్ వివరాలు ఉంచే డీవీఎల్ఏతో ఒప్పందం, జరిమానాల మీద అప్పీళ్లు వినే ట్రైబ్యునల్‌తో ఏర్పాటు దీనికి సమాంతరంగా నడవాలి.

కెమెరాలు ముందు బిగించేస్తే ఏమవుతుందో గ్రేటర్ మాంచెస్టర్ క్లీన్ ఎయిర్ జోన్ చూపించింది. బోర్డులు, కెమెరాలు పెట్టాక 2022 ఫిబ్రవరిలో పథకం ఆగింది, 2025 జనవరిలో పూర్తిగా రద్దయింది. బస్సులకూ టాక్సీలకూ పెట్టుబడి పెట్టే పద్ధతితో గాలి మెరుగుపరుస్తామన్న ప్రణాళికకు ప్రభుత్వం 8.6 కోట్ల పౌండ్లు ఒప్పుకుంది.

ఆక్స్‌ఫర్డ్ 2025 అక్టోబర్ 29న ఆరు చోట్ల 5 పౌండ్ల తాత్కాలిక ఛార్జీ మొదలుపెట్టినప్పుడు, ఆ డబ్బుతోనే పార్క్ అండ్ రైడ్ బస్సుల్లో కొన్ని నెలలు ఉచిత ప్రయాణం ఇచ్చింది. కట్టిన 5 పౌండ్లు ఎటు వెళ్లాయో అదే వారం కనిపించింది. మీరూ అలాంటిదొకటి ఎంచుకోండి, చిన్నదైనా సరే.

వచ్చిన డబ్బు, లెక్కల పుస్తకం

ఛార్జీ మిగులు డబ్బు స్థానిక రవాణాకే ఖర్చు పెట్టాలని చట్టం చెబుతోంది. ఎలా ఖర్చు పెడతారో ప్రణాళిక ముందే తయారు చేయాలి. దాన్ని జనం చదివేలా రాయండి: ఏ రూటు, ఎన్ని నిమిషాలకు ఒక బస్సు, ఎప్పటి నుంచి. నాటింగ్‌హామ్ లెవీ గురించి అక్కడి వాళ్లను అడిగితే 2015లో తెరిచిన ట్రామ్ మార్గాలు, బాగుచేసిన రైల్వే స్టేషన్ చూపిస్తారు. స్థలానికి ఎంత అన్న సంగతి ఆ తర్వాతే వస్తుంది.

చివరగా, ఈ వారమే మొదలుపెట్టగల పని ఒకటుంది, దానికి ఏ గ్రాంటూ అక్కర్లేదు. బస్సు కంపెనీల నుంచి ముఖ్యమైన రూట్ల ప్రయాణ సమయాల డేటా తెప్పించుకుని దాచండి, మీ ట్రాఫిక్ లెక్కింపు యంత్రాలు పనిచేస్తున్నాయో లేదో చూడండి. ఛార్జీకి ముందు పూర్తి ఏడాది అంకెలు లేకపోతే, తర్వాత ఏం మారిందో రవాణా శాఖకూ చూపలేరు, బస్టాపులో నిలబడి అడిగే మనిషికీ చెప్పలేరు.